ఇంగ్లీషు మన హక్కు, అమ్మ మాట ఆ హక్కులో భాగం

కిందటేడు బడులు తెరిచిన రెండో నెలలో మా చిన్నక్క ఊరు వెళ్ళాను. ఆమె కూతురు అప్పుడే ఒకటో తరగతిలో చేరింది. ఇంట్లో ఆ పిల్ల నోరు ఒక్క నిమిషం ఊరుకోదు. కోడిపెట్ట ఎక్కడ గుడ్డు పెట్టిందో, పక్కింటి తాత ఎవరిని ఏం తిట్టాడో, టీవీలో ఏ పాట వచ్చిందో అన్నీ చెబుతుంది. కానీ నేను వెళ్ళేసరికి మూడు రోజులుగా బడికి పోనని మొండికేసి కూర్చుంది. ఏమైందని అడిగితే అక్క మెల్లగా చెప్పింది. ఒంటికి పోవాలంటే ఇంగ్లీషులోనే అడగాలని ఆ తరగతిలో నియమం. ఆ వాక్యానికి ఈ పిల్లకు నోరు తిరగలేదు. లేచి నిలబడింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. చివరికి గౌను తడిసిపోయింది. తరగతి మొత్తం నవ్వింది.

మర్నాడు నేనే చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళాను. ఆ టీచరు చెడ్డావిడ కాదు. ఒకటి, రెండు, మూడు తరగతుల్ని ఒకే గదిలో కూర్చోబెట్టుకుని నెట్టుకొస్తోంది. జరిగినదానికి నొచ్చుకుంది కూడా. కానీ ఒక మాట అంది. "పాప అసలు నోరు విప్పదు సార్. ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు కదా, కొంచెం స్లో." తిరిగి వచ్చేటప్పుడు నా మేనకోడల్ని అడిగాను, బడిలో ఎందుకు మాట్లాడవని. "టీచరు ఏమంటందో నాకు తెలవదు మావయ్యా. అందుకే ఊరుకుంటన్నా" అంది.

ఈ వ్యాసం ఆ రెండు మాటల గురించి. పిల్ల ఊరుకుంటున్నది తనకు ఇంకా తెలియని భాషలో కూర్చున్నందుకు. బడి దాన్ని తెలివితక్కువతనంగా రాసుకుంటోంది. పాఠం అర్థం కాకపోవడానికి కారణాన్ని పాఠం చెప్పే పద్ధతిలో వెతక్కుండా పిల్ల ఇంట్లో, కులంలో, తల్లి చదువులో వెతకడం మనకు కొత్త కాదు. కొత్తగా వచ్చిందల్లా ఆ "స్లో" అనే ఇంగ్లీషు ముక్క.

ముందే ఒక విషయం స్పష్టం చేస్తాను. నేను ఇంగ్లీషు మీడియానికి వ్యతిరేకిని కాను. దళిత బహుజన పిల్లలకు ఇంగ్లీషు కావాలన్న డిమాండ్ నిన్న మొన్నటిది కాదు. 1854లో అచ్చయిన 'కావ్య ఫులే'లోనే సావిత్రీబాయి ఫూలే ఇంగ్లీషు నేర్చుకొమ్మని శూద్రాతిశూద్రులకు చెప్పింది. 1882లో హంటర్ కమిషన్ ముందు జోతిరావు ఫూలే అడిగింది, రైతుల చెమట నుంచి వచ్చిన పన్ను డబ్బు పైవర్ణాల ఉన్నత చదువులకు పోతుంటే కింది పిల్లల ప్రాథమిక చదువు సంగతేమిటని. ఇక అంబేద్కర్ జీవితంలో 'రెండో భాష' అన్న మాటే ఒక గాయం. హైస్కూల్లో ఆయన సంస్కృతాన్ని రెండో భాషగా తీసుకోవాలనుకున్నారు. అంటరాని పిల్లవాడికి సంస్కృతం చెప్పేది లేదన్నారు. పర్షియన్ తీసుకోవాల్సి వచ్చింది. తర్వాత సంస్కృతాన్ని సొంతంగా పట్టుదలతో నేర్చుకున్నారు. ఏ పిల్లవాడు ఏ భాష నేర్చుకోవచ్చో నిర్ణయించే అధికారం ఈ దేశంలో ఎప్పుడూ కులం చేతిలోనే ఉందని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

అందుకే 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం తెస్తూ జీవో 81 ఇచ్చినప్పుడు, ఆ వెంటనే జీవో 85 వచ్చినప్పుడు, మనలో చాలామంది సమర్థించాం. తెలుగు చచ్చిపోతుందని కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళలో ఎంతమంది పిల్లలు తెలుగు మీడియంలో చదువుతున్నారని అడిగాం. అది న్యాయమైన ప్రశ్నే. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు ఆ జీవోలను కొట్టేసింది. ఆ తర్వాత ప్రభుత్వం తల్లిదండ్రుల అభిప్రాయం అడిగితే 96 శాతానికి పైగా ఇంగ్లీషు మీడియమే కావాలన్నారని ప్రకటించింది. తెలంగాణ కూడా 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 8 తరగతుల వరకు ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టింది. రెండు రాష్ట్రాల్లోనూ ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా ద్విభాషా పుస్తకాలు వచ్చాయి.

మరోవైపు జాతీయ విద్యా విధానం 2020 వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో బోధించాలంటోంది. విద్యా హక్కు చట్టం 29వ సెక్షన్ కూడా సాధ్యమైనంత వరకు మాతృభాషే అంటుంది. వినడానికి బాగుంటుంది. కానీ 2014లో కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ప్రాథమిక తరగతుల్లో మాతృభాషా మాధ్యమాన్ని ప్రభుత్వం బలవంతంగా రుద్దకూడదని తేల్చేసింది. ఆచరణలో దీని ఫలితం ఒకటే. డబ్బున్న పిల్ల ప్రైవేటు బడిలో ఇంగ్లీషు మీడియంలో చదువుతుంది. మాతృభాషను కాపాడే బాధ్యత కూలివాళ్ళ పిల్లల నెత్తిన పడుతుంది. ఈ ద్వంద్వ నీతిని మనం ఒప్పుకోం, ఒప్పుకోకూడదు.

అయితే వాదంలో గెలిచిన తర్వాత మనం తరగతి గదిలోకి తిరిగి చూశామా? బడి బోర్డు మీద మాధ్యమం పేరు మారిన రోజు నుంచి ఐదేళ్ళ పిల్ల ఆ గదిలో ఎలా బతుకుతోందో అడిగామా? నా మేనకోడలి తడిసిన గౌను నన్ను అడిగింది ఇదే. నేను కూడా ఆ జీవోను సమర్థిస్తూ రాసినవాణ్ణే. ఆ తర్వాత రాయవలసింది రాయలేదు.

ఇంగ్లీషులో ముంచేస్తే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే ఈదుతారని ఒక నమ్మకం ఉంది. దానికి ఆధారంగా తరచూ కెనడాను చూపిస్తారు. 1965లో మాంట్రియల్ దగ్గర సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లీషు ఇళ్ళ పిల్లల్ని కిండర్‌గార్టెన్ నుంచే ఫ్రెంచిలో చదివించారు. ఆ పిల్లలు ఫ్రెంచి బాగా నేర్చుకున్నారు, ఇంగ్లీషూ పోగొట్టుకోలేదు. నిజమే. కానీ ఆ పిల్లలెవరు? మధ్యతరగతి వాళ్ళు. వాళ్ళ ఇంటి భాష ఇంగ్లీషును తక్కువచేసేవాళ్ళు ఎవరూ లేరు. టీచర్లకు రెండు భాషలూ వచ్చు. మొదట్లో పిల్ల ఇంగ్లీషులో అడిగితే టీచరుకు అర్థమయ్యేది, ఆమె ఫ్రెంచిలో జవాబు చెప్పేది. ఒంటికి పోవాలని ఇంటి భాషలో అడిగిన పిల్లను అక్కడ ఎవరూ ఆపలేదు. మన బడిలో జరుగుతున్నది అది కాదు. ఈత నేర్పేవాడు పక్కన ఉండి నీళ్ళలో దించడం వేరు, బావిలో తోసి గట్టు మీద నిలబడడం వేరు.

కెనడాకే చెందిన జిమ్ కమిన్స్ 1979 నుంచి చెబుతూ వచ్చిన ఒక తేడా మన టీచర్లందరికీ తెలియాలి. కొత్త భాషలో ఆటలో, సంతలో పనికొచ్చే మాటలు రావడానికి పిల్లలకు సుమారు రెండేళ్ళు చాలవచ్చు. అదే భాషలో పాఠం చదివి, కారణం చెప్పి, పోల్చి రాయగలగడానికి ఐదేళ్ళో, ఇంకా ఎక్కువో పడుతుంది. మన వ్యవస్థ ఏం చేస్తోంది? ఒకటో తరగతిలో మొదటి నెల నుంచే రెండో రకం ఇంగ్లీషును ఆశిస్తోంది. "గుడ్ మార్నింగ్ మేడమ్" అని కోరస్‌గా అనగానే ఇంగ్లీషు వచ్చేసిందని సంబరపడుతోంది. ఐదో తరగతిలో పేరా అర్థం కాకపోతే మళ్ళీ పిల్లనే తప్పు పడుతోంది. కమిన్స్ చెప్పిన ఇంకో మాట మనకు ఇంకా ముఖ్యం. ఒక భాషలో గట్టిపడిన ఆలోచన రెండో భాషలోకి వస్తుంది. చదవడమంటే ఏమిటో పిల్ల ఒకసారే నేర్చుకుంటుంది. లిపి మారినప్పుడు మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోనక్కర్లేదు. అంటే ఇంటి భాష ఇంగ్లీషుకు అడ్డం కాదు, దాని పునాది.

ఇక్కడ మరో చిక్కు ఉంది. 'మాతృభాష' అని వాళ్ళంటున్నది ఎవరి మాతృభాష? నేను తెలుగు మీడియంలోనే చదువుకున్నాను. రెండో తరగతిలో "పొద్దున ఏం చేశావు?" అని అయ్యవారు అడిగితే "సల్దిబువ్వ తిన్నా" అన్నాను. "సల్ది కాదురా, చద్ది. బువ్వేంట్రా, అన్నం అనలేవా? ఆ పల్లె భాష ఇక్కడ కాదు" అన్నారు. ఆ ఏడాదంతా తోటి పిల్లలు నన్ను సల్దిబువ్వ అనే పిలిచారు. మా అమ్మ నోటి మాట అచ్చయిన పుస్తకంలో ఎక్కడా కనపడలేదు. నాకు పాఠ్యపుస్తకం తెలుగు కూడా రెండో భాషే. నన్ను ఎవరూ ఆ ఒడ్డుకు చెయ్యి పట్టుకుని దాటించలేదు. తెలుగు భాషాభిమానం పేరుతో మాట్లాడేవాళ్ళకు ఈ సంగతి ఎప్పుడూ పట్టలేదు. ఇప్పుడు ఇంగ్లీషు మీడియంలో అదే అవమానం రంగు మార్చుకుని వచ్చింది. మా తరంలో "పల్లె భాష" అన్నారు, ఈ తరంలో "తెలుగులో మాట్లాడొద్దు" అంటున్నారు. రెండుసార్లూ చులకనైంది అమ్మ మాటే.

ఆదివాసీ పిల్లలకు ఇది ఇంకా కఠినం. కోయ, గోండి, కువి, సవర ఇళ్ళ నుంచి వచ్చే పిల్లకు తెలుగు రెండో భాష, ఇంగ్లీషు మూడోది. ఇంగ్లీషు పుస్తకం ఎదురు పేజీలో తెలుగు ఉన్నా ఆ పిల్లకు రెండు పేజీలూ పరాయివే. భాషా అల్పసంఖ్యాక పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యం కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం చెబుతోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఆదివాసీ భాషల్లో వాచకాలతో బహుభాషా విద్య మొదలైంది. బాగా మొదలైన ఆ పని రావలసినంతగా విస్తరించలేదు. మనం ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకునేది గిడుగు రామమూర్తి పుట్టినరోజున. ఆయన పర్లాకిమిడిలో ఉండగా సవర భాష నేర్చుకున్నాడు, సవర పిల్లలకు సవరలోనే వాచకాలు రాశాడు, బడులు పెట్టాడు. ఆ సంగతి ఆ రోజు వేదికల మీద ఎంతమంది చెబుతారు? పిల్ల భాషను గురువు నేర్చుకోవాలన్నది ఆయన జీవితం చెప్పిన పాఠం. దండ వేసేటప్పుడు ఆ పాఠాన్ని పక్కన పెడుతున్నాం.

మరి చేయవలసిందేమిటి? ఇందులో మంత్రమేమీ లేదు. ఒకటో తరగతి గదిలో రేపటి నుంచి చేయగలిగిన పనులే ఉన్నాయి.

మొదటిది, ఒంటికి వెళ్ళాలన్నా, ఆకలైనా, నొప్పి పుట్టినా, భయమేసినా పిల్ల ఏ భాషలోనైనా చెప్పవచ్చని తరగతిలో తెలియాలి. శరీర అవసరాన్ని భాషా పరీక్షగా మార్చడం క్రమశిక్షణ కాదు, హింస. బడిలో తాగునీళ్ళ కోసం ప్యూను వచ్చేదాకా దాహంతో కూర్చున్న బాలుడి కథ అంబేద్కర్ తన గురించి తానే రాసుకున్నారు. ఆ పరంపరలో మనం ఇంకో కథ చేర్చనక్కర్లేదు.

రెండోది, మౌనాన్ని గౌరవించాలి. కొత్త భాషలో పడిన చాలామంది పిల్లలు కొన్ని వారాలో, కొన్ని నెలలో మాట్లాడరు. ఆ సమయంలో వాళ్ళు వింటున్నారు, పోగు చేసుకుంటున్నారు. "స్టాండ్", "జంప్", "టచ్ యువర్ నోస్" అని టీచరు తాను చేస్తూ చెబితే పిల్ల మాట్లాడకుండానే అర్థమైందని చూపించగలదు. బొమ్మ మీద వేలు పెట్టడం, గీసి చూపించడం కూడా జవాబులే.

మూడోది, పిల్ల చేతిలో ఇప్పటికే ఉన్న ఇంగ్లీషుతో మొదలుపెట్టాలి. బస్సు, ఫోను, టీవీ, లైటు, సైకిలు, టిక్కెట్టు, చార్జరు, బిస్కట్టు. ఏ వాడలో పిల్లకైనా ఇలాంటి మాటలు చాలానే వచ్చు. చివరి అచ్చు తీసేస్తే అవి ఇంగ్లీషు మాటలు. "నీకు ఇంగ్లీషు రాదు" అన్న చోట "నీకు ఇన్ని వచ్చు" అని మొదలుపెట్టే టీచరు పిల్లకు మొదటి రోజే ధైర్యం ఇస్తుంది.

నాలుగోది, కథ ముందు ఇంటి మాటల్లో చెప్పాలి. కథ తెలిశాక అదే కథను బొమ్మలతో ఇంగ్లీషులో నాలుగైదు రోజులు మళ్ళీ మళ్ళీ చెప్పాలి. ఏం జరుగుతుందో ముందే తెలిసిన పిల్లకు కొత్త మాటలు పట్టుకోవడం తేలిక. రోజుకో కొత్త పాఠం పరుగెత్తించడం కన్నా ఇది ఎక్కువ నేర్పుతుంది.

ఐదోది, తప్పుల్ని చూసే చూపు మారాలి. "ఐ రైస్ ఏట్" అన్న పిల్ల తెలివిగా ఆలోచించింది. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి అక్కడే పెట్టింది. "ఓహో, యు ఏట్ రైస్!" అని టీచరు నవ్వుతూ సరైన వాక్యం వినిపిస్తే చాలు. బెత్తం, నవ్వులు, జరిమానాలు అక్కర్లేదు.

ఆరోది, లెక్కల్లో పిల్ల లెక్కనే కొలవాలి. కొట్టుకు పోయి ఇరవై రూపాయలిచ్చి పద్నాలుగు రూపాయల సరుకు తెచ్చి ఆరు రూపాయలు అమ్మ చేతిలో పెట్టే పిల్ల, బడిలో తీసివేతలో తప్పుతోందంటే తప్పింది తీసివేత కాదు, ప్రశ్న అడిగిన భాష. భావం తెలుగులో చెప్పించుకుని, ఆ తర్వాత దానికి ఇంగ్లీషు మాట ఇవ్వాలి. ద్విభాషా పుస్తకం ఉన్నది ఇందుకే. చాలాచోట్ల ఆ తెలుగు పేజీని తిప్పొద్దంటున్నారు.

ఇంటి గురించి ఒక మాట. "ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి" అని తల్లులకు సలహా ఇచ్చేవాళ్ళు ఉన్నారు. కూలికి పోయి వచ్చిన మా అక్కకు ఆ సలహా సిగ్గు తప్ప ఇంకేమీ ఇవ్వదు. తనకు రాని భాషలో రెండు ముక్కలు అనడం కన్నా, తనకు బాగా వచ్చిన భాషలో నాటు ఎలా వేస్తారో, వాన రాకడ ఎలా తెలుస్తుందో, తాత వలస పోయినప్పుడు ఏం జరిగిందో చెప్పడం ఆ పిల్లకు ఎక్కువ మేలు. ఎందుకు, ఎలా, ఆ తర్వాత ఏమైంది అని అడిగి చెప్పించడమే చదువుకు పునాది. ఆ పని చదువురాని తల్లి కూడా చేయగలదు. నిజానికి రోజూ చేస్తూనే ఉంది. అది కూడా చదువేనని బడి ఆమెతో ఒక్కసారి అనాలి.

టీచర్ల మీద మొత్తం నెపం వేయడానికి నేను సిద్ధంగా లేను. అరవై మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు చాలని విద్యా హక్కు చట్టమే లెక్క కట్టింది. ఐదు తరగతులు, ఇద్దరు మనుషులు. వాళ్ళలో చాలామంది తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళు, వాళ్ళలోనూ మనవాళ్ళు ఎందరో. వాళ్ళకు ఇంగ్లీషు మాట్లాడే ధైర్యం, రెండో భాష నేర్పే పద్ధతి రెండూ శిక్షణతో రావాలి. నాలుగు రోజుల వర్క్‌షాపుతో అది కాదు. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో టోఫెల్ పరీక్షలకు పిల్లల్ని సిద్ధం చేయాలని నిర్ణయించారు. పరీక్ష పెట్టడం సులువు. మూడు తరగతుల్ని ఒకే గదిలో నడిపే టీచరు పక్కన ఇంకో టీచరును నిలబెట్టడం ఖర్చు. ప్రభుత్వాలు ఏది ఎంచుకుంటాయో మనకు తెలుసు.

మనలోనే కొందరు మిత్రులు నన్ను హెచ్చరిస్తారు. "ఇంటి భాష అన్నావంటే ఇంగ్లీషు లాగేసుకోవడానికి వాళ్ళకు సాకు దొరుకుతుంది" అంటారు. ఆ భయం ఉత్తది కాదు. అందుకే నా షరతు స్పష్టంగా చెబుతున్నాను. ఇంగ్లీషును ఒక్క రోజు కూడా వాయిదా వేయకూడదు. మొదటి రోజు నుంచి ఉండాలి. దాని పక్కనే పిల్ల మాట కూడా ఉండాలి. ఒకటి ఇచ్చి ఇంకొకటి తీసుకునే బేరం మనకొద్దు. అంబేద్కర్ 1920లో 'మూక్‌నాయక్' పత్రికను, 1927లో 'బహిష్కృత్ భారత్'ను మరాఠీలో నడిపారు. 1936లో 'కుల నిర్మూలన' ఇంగ్లీషులో అచ్చు వేశారు. తన వాళ్ళతో మాట్లాడడానికి ఒక భాష, ప్రపంచాన్ని నిలదీయడానికి ఇంకో భాష. రెండూ ఆయనవే. మన పిల్లలకు కూడా రెండూ కావాలి.

విద్యార్థులకు, అధ్యాపకులకు ఒక విన్నపం. విశ్వవిద్యాలయంలో మొదటి సెమిస్టరులో సెమినార్ గదిలో నోరు విప్పని మన విద్యార్థుల్ని మీరు చూసే ఉంటారు. మీలో కొందరు ఆ విద్యార్థులే. ఆ మౌనం ఇరవై ఏళ్ళప్పుడు మొదలైంది కాదు, ఐదేళ్ళప్పుడు మొదలైంది. ఎం.ఏ.లో పెట్టే బ్రిడ్జి కోర్సు ఆలస్యంగా వచ్చిన వంతెన. ఇంగ్లీషు బోధన మీద పరిశోధన చేసే సంస్థ హైదరాబాదులో 1958 నుంచి ఉంది. భాషాశాస్త్ర శాఖలు, విద్యా శాఖలు మన చుట్టూ ఉన్నాయి. మాధ్యమం మీద మనం రాసిన వ్యాసాలు చాలు. ఇక ఒకటో తరగతి గదిలో కూర్చుని రాయండి. వాడ మాటలతో బొమ్మల కథలు తయారు చేయండి. వాటిని ఇంగ్లీషు కథ పక్కన అచ్చు వేయించండి. సెలవులకు ఊరెళ్ళినప్పుడు ఒక పూట బడికి వెళ్ళి, ఆ బడి నుంచి వచ్చి ఇంగ్లీషులో థీసిస్ రాసిన మనిషిగా పిల్లలతో వాళ్ళ మాటల్లో మాట్లాడండి.

ప్రభుత్వాలను మనం అడగవలసింది కూడా ఇంతే స్పష్టంగా ఉండాలి. ఒకటి, రెండు తరగతులకు విడిగా ఒక టీచరు. రెండో భాష బోధనలో ఏడాది పొడవునా సాగే శిక్షణ. ఆదివాసీ ఆవాసాల్లో పిల్ల భాష తెలిసిన బోధకులు. పిల్లలు తమ భాష మాట్లాడినందుకు శిక్షించడాన్ని, అవమానించడాన్ని ప్రభుత్వ బడిలోనూ ప్రైవేటు బడిలోనూ నిషేధించే ఉత్తర్వు. మొదటి రెండేళ్ళు ఏ పిల్ల మీదా "స్లో" అన్న ముద్ర వేయకుండా ఉండే మూల్యాంకనం.

నా మేనకోడలు మళ్ళీ బడికి పోతోంది. ఆ టీచరుతో నేను రెండోసారి మాట్లాడినప్పుడు, ఒంటికి వెళ్ళడానికి చెయ్యెత్తితే చాలని ఆమె నియమం మార్చింది. చిన్న మార్పే. దానికి మేనమామ విశ్వవిద్యాలయం నుంచి రావలసి వచ్చింది. మేనమామ లేని పిల్లల కోసం ఆ నియమాన్ని ప్రభుత్వం రాయాలి. దాన్ని రాయించవలసింది ఇంగ్లీషు మీడియం కోసం కొట్లాడిన మనమే.